డీజిల్ కారు ఫ్యూయల్ ఫిల్టర్: కంపెనీ పెట్టె, బయటి పెట్టె, ఒక రబ్బరు రింగు

2014లో కొన్న మా డీజిల్ హ్యాచ్‌బ్యాక్‌కు గత నెలలో డీజిల్‌ను వడకట్టే ఫ్యూయల్ ఫిల్టర్ మార్చవలసి వచ్చినప్పుడు, కారును షెడ్డుకు పంపకుండా విశాఖపట్నం ఎంవీపీ కాలనీలోని మా అపార్ట్‌మెంట్ పార్కింగ్‌లోనే ఆ పని చేసుకున్నాను. అందుకోసం కారు తయారీ సంస్థ సొంత పెట్టెలో వచ్చే ఫిల్టర్‌ను కొన్నాను. ఈ సమీక్ష ఆ ఫిల్టర్ గురించే. బయటి తయారీ ఫిల్టర్ కంటే దాదాపు రెట్టింపు ధర పెట్టి దీన్ని కొనవచ్చునా అంటే, కొనవచ్చుననే నా సమాధానం. అయితే ఆ అదనపు ధర ప్రధానంగా దేనికి చెల్లుతోందో పని పూర్తయ్యాక గాని నాకు అర్థం కాలేదు.

కారులో ఇబ్బంది రెండు రకాలుగా కనిపించింది. సింహాచలం ఘాట్ రోడ్డులో మూడో గేరులో సులువుగా ఎక్కవలసిన మలుపుల దగ్గర రెండో గేరు వేసినా పికప్ అందలేదు. అది ఫిల్టర్ మూసుకుపోయిందనడానికి లక్షణం. ఫిల్టర్ లోపలి మడతల కాగితంలో మురికి పేరుకున్నకొద్దీ, ఇంజిన్‌కు డీజిల్‌ను అధిక ఒత్తిడితో పంపే హై ప్రెషర్ పంపుకు డీజిల్ తగ్గుతుంది, అవసరం పెరిగే ఎక్కుడులోనే ఆ లోటు బయటపడుతుంది. రెండో ఇబ్బంది ఉదయం పూట వచ్చేది. రాత్రంతా ఆగి ఉన్న కారుకు నాలుగైదు సార్లు సెల్ఫ్ కొడితే గాని ఇంజిన్ అందుకునేది కాదు. దీనికి కారణం మురికి కాదని, గాలి అని తర్వాత తెలిసింది.

గాజువాక ఆటోనగర్‌లోని ఒక స్పేర్ పార్ట్స్ దుకాణంలో ఒరిజినల్ ఫిల్టర్‌కు జీఎస్‌టీతో కలిపి 1,140 రూపాయలు తీసుకున్నారు. అదే కౌంటరులో బయటి తయారీ ఫిల్టర్ 620 రూపాయలకు ఉంది. సర్వీస్ సెంటర్‌లో అడిగితే ఫిల్టర్, కూలీ కలిపి 2,300 వరకు అవుతుందన్నారు. దుకాణదారు నా ఆర్‌సీ ఫొటో చూసి, ఛాసిస్ నంబరు ప్రకారం పార్ట్ నంబరు సరిపోల్చిన తర్వాతే పెట్టె ఇచ్చారు. ఒకే మోడల్‌లో ఏడాదిని బట్టి పైపుల కొనలు మారుతూ ఉంటాయి కనుక, కొనేవారు ఈ సరిపోల్చడాన్ని అడిగి మరీ చేయించుకోవాలి.

పనికి కావలసినవి తక్కువే: 10 నంబరు పానా, చదునైన స్క్రూడ్రైవర్, ఒక పళ్లెం, పాత గుడ్డలు, చేతులకు తొడుగులు. ఇంజిన్ పూర్తిగా చల్లారాక, గాలి బాగా ఆడేందుకు కారును గేటు వైపుకు జరిపించి, బ్యాటరీ నెగటివ్ తీగ తీసి పని మొదలుపెట్టాను. ఫిల్టర్‌ను పట్టుకున్న ఇనుప క్లిప్పు దగ్గరే అరగంట గడిచిపోయింది. సముద్రపు గాలికి ఈ ఊళ్లో ఇనుము ఎంత త్వరగా తుప్పు పడుతుందో బాల్కనీ గ్రిల్లు చూసిన ప్రతివారికీ తెలుసు. ఆ క్లిప్పు బోల్టు కూడా అదే దశలో ఉండటంతో, తుప్పు వదిలించే స్ప్రే కొట్టి, కాసేపు ఆగి, మెల్లగా తిప్పవలసి వచ్చింది. బలం ప్రయోగిస్తే బోల్టు విరిగేదే.

పైపులు రెండూ ఊడదీసి, పాత ఫిల్టర్ అడుగున ఉన్న వాటర్ సెన్సర్‌ను విప్పి, కిందికి వచ్చిన డీజిల్‌ను గాజు సీసాలో పట్టాను. పది నిమిషాలు ఆగితే సీసా అడుగున చిక్కుడు గింజంత నీటి బొట్టు వేరుపడి కనిపించింది. సగం ఖాళీగా ఉండే ట్యాంకులో గాలిలోని తేమ చల్లబడి నీరవుతుంది, నీరు డీజిల్ కంటే బరువు కనుక ఫిల్టర్ అడుగుకు చేరుతుంది. ఆ నీరు పేరుకొని సెన్సర్ రెండు కొనలను తాకినప్పుడే డ్యాష్‌బోర్డు మీద దీపం వెలుగుతుంది. కాబట్టి దీపం వెలగలేదంటే నీరు లేదని కాదు, ఇంకా ఆ ఎత్తుకు రాలేదని మాత్రమే అర్థం.

ఆ సెన్సర్‌ను పాతదాని నుంచి తీసి కొత్త ఫిల్టర్‌కు బిగించుకోవాలి. ఉదయపు ఇబ్బందికి మూలం ఇక్కడే దొరికింది. 2022లో ఒక షెడ్డులో బయటి తయారీ ఫిల్టర్ వేసినప్పుడు, ఆ పెట్టెలో కొత్త ఓ-రింగు (సందు లేకుండా మూసే గుండ్రటి రబ్బరు రింగు) రాలేదో, వచ్చినా వాడలేదో గాని, సెన్సర్ చుట్టూ ఉండే పాత ఓ-రింగునే మళ్లీ పెట్టేశారు. అది బల్లపరుపుగా అణిగిపోయి, ఒకచోట చీలి ఉంది. మా కారులో ట్యాంకు నుంచి డీజిల్‌ను ఇంజిన్ వైపున్న పంపే పీల్చుకుంటుంది. అందువల్ల ఫిల్టర్ దగ్గర సందు ఉంటే ఇంజిన్ నడిచేటప్పుడు డీజిల్ బయటికి కారదు, గాలి లోపలికి పోతుంది. కింద ఒక్క చుక్క కూడా కనిపించదు గనుక లీకు ఉందని ఎవరూ అనుకోరు. రాత్రి ఆగి ఉన్నప్పుడు అదే సందు గుండా గాలి చేరి, పైపులోని డీజిల్ తిరిగి ట్యాంకులోకి జారిపోతుంది.

ఒరిజినల్ పెట్టెలో కొత్త ఓ-రింగు విడిగా చిన్న కవరులో వచ్చింది. దానికి కొద్దిగా డీజిల్ రాసి, సెన్సర్‌ను చేత్తోనే బిగించాను. ప్లాస్టిక్ మర కనుక పానా అక్కర్లేదు. కొత్త ఫిల్టర్ మూత మీద డీజిల్ వచ్చే వైపు, వెళ్లే వైపు బాణాలు స్పష్టంగా అచ్చువేసి ఉన్నాయి, పైపులు చిటుక్కుమని కూర్చున్నాయి. ఫిల్టర్‌లో ముందే డీజిల్ పోసి బిగించమని సలహా ఇచ్చేవారు ఉన్నారు గాని, శుభ్రమైన వైపు రంధ్రంలో వడకట్టని డీజిల్ పోస్తే అది నేరుగా ఇంజిన్‌లోకి డీజిల్ చిమ్మే ఇంజెక్టర్ల దాకా వెళ్తుంది. ఆ ఇంజెక్టర్ల రంధ్రాలు దాదాపు పదో వంతు మిల్లీమీటరు ఉంటాయి. అందుకే ఖాళీ ఫిల్టర్‌నే బిగించి, పైపు మధ్యలో ఉండే నల్లటి హ్యాండ్ పంపును అది గట్టిపడేదాకా నొక్కాను. యాభైకి పైగా నొక్కవలసి వచ్చింది, బొటనవేలు రెండు రోజులు నొప్పిపెట్టింది. ఈ నొక్కుడులో ఇంకో ప్రయోజనం ఉంది: అప్పుడు ఫిల్టర్‌లో ఒత్తిడి పుడుతుంది కనుక, సెన్సర్ కింద టిష్యూ కాగితం పట్టుకుంటే మామూలుగా కనిపించని లీకు తడిగా బయటపడుతుంది. నా కాగితం పొడిగానే ఉంది. రెండోసారి సెల్ఫ్‌కు ఇంజిన్ అందుకుంది.

2022లో షెడ్డువారు తీసి ఇచ్చిన అప్పటి ఒరిజినల్ ఫిల్టర్ మా బాల్కనీలో అట్టపెట్టెలో పడి ఉంది. ఇంట్లోవాళ్లు దాన్ని పారేయమని అన్న ప్రతిసారీ దాటవేసినందుకు ఇప్పుడు ఫలితం దక్కింది. దాన్నీ, ఇప్పుడు తీసిన బయటి తయారీ ఫిల్టర్‌నూ రెంటినీ రంపంతో కోసి పక్కపక్కన పెట్టి చూశాను. కాగితం విషయంలో నేను ఆశించినంత తేడా లేదు. బయటిదాంట్లో మడతలు కొంచెం పలుచగా, ఎడం ఎడంగా ఉన్నాయి, జిగురు రెండు చోట్ల చిందింది, అంతే. అసలు తేడా రింగు కూర్చునే గాడిలో ఉంది. ఒరిజినల్‌లో అది నున్నగా ఉంటే, బయటిదాంట్లో అచ్చు కలిసిన చోట గోటికి తగిలే గీత మిగిలి ఉంది. రింగు ఎంత మంచిదైనా ఆ గీత దగ్గర సరిగా ఆనదు.

ఒరిజినల్ పెట్టె మీద కూడా నాకు ఫిర్యాదులు ఉన్నాయి. లోపలి సూచనల కాగితంలో బొమ్మలు మరీ చిన్నవి, తెలుగులో ఒక్క ముక్క లేదు. ఊడదీసిన పైపుల కొనల్లో దుమ్ము పడకుండా మూసేందుకు రెండు బిరడాలు పెట్టి ఉంటే బాగుండేది, నేను పాలిథిన్ కవరు చుట్టి రబ్బరు బ్యాండు వేసుకోవలసి వచ్చింది.

ఈ పని ఫిల్టర్ ఇంజిన్ గదిలో చేతికి అందేలా ఉన్న డీజిల్ కార్లకు మాత్రమే చెల్లుతుంది. పెట్రోలు ఆవిరి చిన్న నిప్పురవ్వకే అంటుకుంటుంది, పైగా నేటి పెట్రోలు కార్లలో చాలావాటికి ఫిల్టర్ ట్యాంకులోనే పంపుతో కలిసి ఉంటుంది కనుక వాటిని మెకానిక్‌కే వదిలిపెట్టాలి. డీజిల్ కార్లలో సైతం హై ప్రెషర్ పంపు నుంచి ఇంజెక్టర్లకు వెళ్లే ఉక్కు పైపుల జోలికి పోకూడదు. అక్కడి ఒత్తిడి చర్మాన్ని చీల్చుకుపోయేంత ఉంటుంది. పళ్లెంలో మిగిలిన మురికి డీజిల్‌ను కాలువలో పోస్తే అది గెడ్డల (వాగుల) గుండా సముద్రానికే చేరుతుంది కాబట్టి, సీసాలో నింపి పాత ఇంజిన్ ఆయిల్ సేకరించే షెడ్డులో ఇచ్చి వచ్చాను.

మూడు వారాలుగా ఉదయాన్నే ఒక్క సెల్ఫ్‌కే ఇంజిన్ అందుకుంటోంది. మొన్న ఆదివారం సింహాచలం మలుపులన్నీ మూడో గేరులోనే ఎక్కింది.