ఒక్క రాజు బొమ్మ కోసం పారిస్: లూవ్ర్ బాగుందా, వెర్సాయ్ బాగుందా

పారిస్‌లో నాలుగు రోజులున్నాం, నేనూ మా ఆవిడా. నాకు మాత్రం చూడాల్సింది ఒక్కటే, 1701లో రిగో అనే చిత్రకారుడు వేసిన ఫ్రాన్స్ రాజు పద్నాలుగో లూయీ నిలువెత్తు బొమ్మ. స్పెయిన్‌కి రాజైన మనవడికి పంపుదామని వేయించి, చూశాక నచ్చేసి లూయీ తనే ఉంచేసుకున్నాడు. ఒరిజినల్ లూవ్ర్ మ్యూజియంలో, కాపీ పారిస్ బయటున్న వెర్సాయ్ ప్యాలెస్‌లో.

ముందు వెర్సాయ్ వెళ్ళాం, ఆర్‌ఈఆర్ సి లోకల్ ట్రైన్‌లో (సోమవారం సెలవు, చూసుకోండి). టైమ్ స్లాట్ టికెట్ ఉన్నా లైన్లో గంట పట్టింది, లోపలంతా తోపులాటే. ఒకప్పుడు సింహాసనం ఉన్న అపోలో గదిలో, ఫైర్‌ప్లేస్ పైన పెట్టారు బొమ్మని, తలెత్తి చూడాల్సిందే, వెనకవాళ్ళు నిలబడనివ్వరు గానీ ఆ బంగారు గోడల మధ్య ఆయన పైనుంచి చూస్తుంటే మా ఆవిడ "దణ్ణం పెట్టాలనిపిస్తోందండీ" అంది, నాకూ అలానే అనిపించింది.



లూవ్ర్‌కి శుక్రవారం సాయంత్రం వెళ్ళండి, రాత్రి 9 దాకా తెరిచే ఉంటుంది. కింద మోనాలిసా దగ్గర తిరునాళ్ళలా ఉంది, పైన రెండో అంతస్తులో ఫ్రెంచ్ పెయింటింగ్స్ దగ్గర పట్టుమని పదిమంది లేరు, అరగంట హాయిగా నిలబడ్డాను. దాదాపు 9 అడుగుల ఎత్తుంది. మొహం చూస్తే 63 ఏళ్ళ పెద్దాయన, బుగ్గలు జారిపోయి, పెదాలు లోపలికి పోయి. కాళ్ళు మాత్రం తెల్ల మేజోళ్ళలో కుర్రాడి కాళ్ళే, ఎర్ర మడమల చెప్పులు, పాదాలు డాన్స్ మొదలుపెట్టబోతున్నట్టు తిప్పి ఉన్నాయి, వయసులో ఉన్నప్పుడు బ్యాలేలు ఆడిన మనిషి మరి. రాజదండాన్నేమో తలకిందులు చేసి చేతికర్రలా ఆనుకున్నాడు. కిరీటం పక్కన పీట మీదుంది, తలమీద లేదు. కిరీటం లేకపోయినా నేనే రాజునని చెప్పడానికి ఇంకేం కావాలి!

వెర్సాయ్‌లో ఆ దర్జాకి లొంగిపోతాం, అదెలా రిగో పుట్టించాడో మాత్రం లూవ్ర్‌లోనే తెలుస్తుంది. ఒక్కరోజే ఉంటే నేనైతే లూవ్ర్‌కే వెళ్ళమంటాను.

ఇంకోటి, బొమ్మలో నడుం దగ్గర కత్తి ఉంటుంది, జ్వాయూజ్ అంటారు, పట్టాభిషేకాల కత్తి. అసలుది అదే మ్యూజియంలో రిషెల్యూ వింగ్‌లో అద్దాల వెనక ఉంది. ముందు బొమ్మలో పిడి బాగా చూసుకుని, గుర్తు చెరిగిపోకముందే అక్కడికెళ్ళండి.