చెవి మిషన్ పెట్టుకుని కచేరీ వినొచ్చా?

బ్యాటరీ ఎంతసేపు వస్తుంది, ఫోన్‌కి ఎలా కలుపుకోవాలి, ఇలాంటివన్నీ అమ్మేవాళ్ళే చెప్తారు కాబట్టి వదిలేస్తున్నాను. నేను రాయాలనుకున్నది హియరింగ్ ఎయిడ్‌లో ఉండే మ్యూజిక్ ప్రోగ్రామ్, అంటే పాట వినడానికి వేరుగా ఉండే అమరిక గురించి. కొన్న రోజున దాని ఊసే ఎవరూ ఎత్తలేదు. నావి చెవి వెనక తగిలించుకునే రకం, రెండు చెవులకీ. కొన్నేళ్ళుగా పొద్దున లేచింది మొదలు రాత్రి పడుకునేదాకా చెవులకే ఉంటున్నాయి.

వయసుతో వచ్చే చెవుడు ముందు సన్నటి శబ్దాల్ని తీసుకుపోతుంది. అచ్చులు నిలుస్తాయి, స, ష, త, క లాంటి హల్లులు జారిపోతాయి. అందుకే వినబడుతూనే ఉంటుంది, ఏమన్నారో మాత్రం తెలియదు. చెన్నైలో కచేరీలకి వెళ్ళే తెలుగువాళ్ళకి ఇది పెద్ద నష్టం. ఇక్కడి సభల్లో తెలుగు కృతి లేని కచేరీ అరుదు. పక్క సీటాయన పుస్తకం చూసి అర్థం తెలుసుకునే మాట నాకు నేరుగా గుండెకి తగులుతుంది. చిన్నప్పటి నుంచీ నాకున్న భాగ్యం అదే, కొన్నేళ్ళుగా అదే పోతూ వచ్చింది. మిషన్ పెట్టిన కొత్తలో టీవీ వార్తలు, మనవరాలి కబుర్లు మాటమాటా విడివిడిగా వినబడేసరికి ఇక డిసెంబరు కచేరీల సీజన్‌కి దిగుల్లేదనుకున్నాను.

డిసెంబరు మధ్యలో సీజన్ మొదలవగానే టీటీకే రోడ్డు వైపు ఒక సభకి అక్కా నేనూ వెళ్ళాం. మొదట పాడిన వర్ణం బాగానే గడిచింది. రెండో కృతికి ముందు ఆలాపనలో గాయని తారషడ్జం, అంటే పై స మీద నిలిచింది. ఆ స్వరం నా చెవిలో వణికింది. గమకం కాదు, గొంతులో దోషమూ కాదు. స్వరం పక్కనే ఎవరో సన్నగా ఈల వేస్తున్నట్టు ఇంకో స్వరం పుట్టి, వస్తూ పోతూ ఉంది. వయొలిన్ అందుకున్నాక మరీ ఘోరం. కమాను నింపాదిగా సాగుతూ కనిపిస్తోంది, వినపడేది మాత్రం ఊగిపోతోంది. వెనకాల తంబూరా కాసేపు ఉంటుంది, కాసేపటికి మాయమవుతుంది.

"అక్కా, శ్రుతి పెట్టె పాడైనట్టుంది" అన్నాను.

"లేదే, శుద్ధంగా ఉంది."

తని ఆవర్తనంలో, అంటే తాళవాద్యం ఒక్కటే మోగే భాగంలో, మృదంగం చిన్న దెబ్బా పెద్ద దెబ్బా ఒకే మోతాదులో పడ్డాయి. ఇక లాభం లేదని రెండు మిషన్లూ తీసి పర్సులో పెట్టుకున్నాను. స్వరం నిలకడగా వచ్చింది, మాటలు మళ్ళీ పోయాయి. జత లక్ష దాటిన వస్తువు ఒళ్ళో పెట్టుకుని అలా కూర్చోవడం చాలా బాధేసింది.

మర్నాడే ఆడియాలజిస్టు, అంటే వినికిడి పరీక్షించి మిషన్ సరిచేసే నిపుణురాలి దగ్గరికి వెళ్ళాను. చిన్నపిల్ల, ఓపిగ్గా చెప్పింది. "ఆంటీ, ఎక్కువసేపు ఒకే చోట నిలిచే సన్న స్వరాన్ని ఈ మిషన్ ఈల అనుకుంటుంది. ఈలని అణచడం దాని పని." మిషన్ చెవిలోకి పంపే శబ్దం బయటికి తప్పించుకుని మళ్ళీ దాని మైకులోనే పడితే కీచుమంటుంది. అది రాకుండా లోపల ఒక ఏర్పాటు ఉంటుంది. వేణువు, వయొలిన్, గొంతులో పై స్థాయి, అన్నిటికీ ఆ కీచుతో పోలిక ఉంది. ఏకధాటిగా మోగే తంబూరాను నాయిస్ తగ్గించే ఏర్పాటు ఫ్యాను మోతలో జమకట్టేస్తుంది. మాటలు గట్టిగా అన్నా 85 డెసిబెల్స్ దగ్గర ఆగుతాయి, సంగీతం 100 దాటగలదు. మాటల కోసమే చేసిన యంత్రం చిన్నవాటిని పెంచి పెద్దవాటిని నొక్కేస్తుంది కాబట్టే మృదంగం అలా చదునైంది.

ఆ అమ్మాయి మిషన్లని కంప్యూటర్‌కి కలిపి సంగీతం కోసం వేరే ప్రోగ్రామ్ పెట్టింది. ఈల అణచేదీ నాయిస్ తగ్గించేదీ ఆపేసింది, పెద్ద శబ్దాల్ని నొక్కేయడం తగ్గించింది. తన ఫోన్‌లో తంబూరా పెట్టి మిషన్ మీది మీట నొక్కమంది. ఒక్క నొక్కుతో పంచమం కదలకుండా నిలబడింది. ఇంకోసారి నొక్కితే మళ్ళీ ఊగింది. దీనికి పైసా అదనంగా తీసుకోలేదు. మొదటి నుంచీ నేను కొన్న దాంట్లో ఉన్నదే మరి! ఎన్ని ఛానెళ్ళుంటే (శబ్దాన్ని మిషన్ ఎన్ని భాగాలుగా విడదీస్తే) ఎంత ధరో వివరించడానికి అంత టైమ్ తీసుకున్న షాపువాళ్ళు, మీరు పాటలు వింటారా అని ఒక్క ప్రశ్న అడగలేదు. పెద్దవాళ్ళకి మాట వినపడితే చాలనుకుంటారు కాబోలు. ఆ కోపం నాకింకా పోలేదు.

తర్వాతి కచేరీలో నెరవల్, అంటే ఒకే సాహిత్యపు వాక్యాన్ని రకరకాలుగా మలిచి పాడటం వచ్చినప్పుడు, పాతికేళ్ళ కిందట ఎలా వినేదాన్నో అలా విన్నాననిపించింది. కళ్ళు చెమర్చాయి.

ఇన్నాళ్ళ వాడకం తర్వాత ఒకటి రెండు చెప్పాలి. ఈ ప్రోగ్రామ్‌లో స్వరం నిలుస్తుంది గానీ మాట మామూలు ప్రోగ్రామ్‌లో ఉన్నంత స్పష్టంగా ఉండదు. తెలిసిన కృతైతే ఇబ్బంది లేదు. కొత్త కృతికి పల్లవి ఒకసారి మామూలు దాంట్లో విని, అప్పుడు మీట నొక్కుతాను. ఈల అణచేది లేదు కాబట్టి శాలువా చెవికి తగిలినా, అక్క ఏదో చెప్పడానికి దగ్గరికి వంగినా కీచుమంటుంది. ఇంట్లో ఫోన్ నుంచి నేరుగా చెవిలోకి పాట పెట్టుకుంటే మృదంగం ఎడమచేతి వైపు నుంచి వచ్చే గుమ్మనే మంద్రనాదం పలచబడుతుంది. నా చెవిలోది గాలాడే రబ్బరు తొడుగు, మంద్రశబ్దం దాంట్లోంచి బయటికి పోతుందట. అందుకే ఇంట్లో మామూలు స్పీకరు పెట్టుకుని మిషన్‌తో వినడమే నయం. కర్తరి ఎండల్లో చెమటకి మూలుగుతుంది, రాత్రుళ్ళు సిలికా జెల్ డబ్బాలో పెట్టక తప్పదు. క్యాంటీన్‌లో అయితే ఏ ప్రోగ్రామూ పనికిరాదు, ప్లేట్ల మోతే మోత.

నాది మధ్యస్థాయి చెవుడు, వినేది కర్ణాటక సంగీతం, ముందు వరుసల్లో టికెట్టు దొరికితేనే వెళ్తాను. వీటిలో ఏది మారినా మీ అనుభవం వేరుగా ఉండొచ్చు. చెవుడు బాగా ఎక్కువుంటే ఈల అణచేదాన్ని ఆపడం కుదరకపోవచ్చు కూడా. కొనేముందు ట్రయల్ ఇమ్మని అడగండి. అక్కడే ఫోన్‌లో తంబూరా పెట్టించి, మామూలు ప్రోగ్రామ్‌లో ఒకసారి, మ్యూజిక్‌లో ఒకసారి వినండి. రెండింటికీ తేడా తెలియకపోతే డబ్బు కట్టకండి.