పాత టీవీకి స్టిక్ పెట్టాలా, కొత్త 4కే కొనాలా?

ఇంట్లో 32 ఇంచుల పాత ఎల్ఈడీ ఉండి, యాప్స్ స్లో అయ్యాయనో అసలు రావట్లేదనో టీవీయే మార్చేద్దాం అనుకునేవాళ్లు ముందు వెనకాల హెచ్‌డీఎంఐ పోర్ట్ ఉందో లేదో చూడండి, ఉంటే ఫైర్ టీవీ స్టిక్ లాంటిది (నెట్‌తో యాప్స్ నడిపే చిన్న పరికరం) గుచ్చితే చాలు, కొత్త టీవీ కంటే చాలా తక్కువలో అయిపోతుంది. కాకపోతే స్టిక్‌కి కరెంట్‌ని టీవీ యూఎస్‌బీ నుంచి ఇవ్వకండి, చాలా పాత టీవీల్లో అది సరిపోక మధ్యలో రీస్టార్ట్ అవుతుంది, దాని అడాప్టర్‌నే ప్లగ్‌లో పెట్టండి.

అదే స్క్రీన్ మీద గీతలు వస్తుంటే స్టిక్ ఏం చేయలేదు. ప్యానెల్ (బొమ్మ కనిపించే స్క్రీన్ భాగం) మార్పించడమంటే దాదాపు కొత్తది కొన్నట్టే, దానికి నేనైతే ఒక్క రూపాయి పెట్టను.

ఇక 43 ఇంచుల 4కే (మామూలు హెచ్‌డీ కంటే బొమ్మ బాగా స్పష్టంగా చూపించేది) సంగతి. 2025 సెప్టెంబర్ 22 నుంచి 32 ఇంచులు దాటిన టీవీల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి దిగింది, చిన్నవాటికి ముందు నుంచే 18. కానీ ఇంట్లో పొద్దస్తమానం కేబుల్‌లో సీరియల్సే నడుస్తుంటే 4కే దండగ, మామూలు ఎస్‌డీ (తక్కువ క్లారిటీ) ఛానల్ పెద్ద స్క్రీన్ మీద ఇంకా మసకగా కనిపిస్తుంది (అత్తయ్యగారు పాత టీవీయే నయం అంటారు, నిజమే కూడా). నెట్‌ఫ్లిక్స్‌లో 4కే రావాలంటే ప్రీమియం ప్లాన్, 15 ఎంబీపీఎస్ స్పీడ్ నెట్ రెండూ ఉండాలి. అవి ఉండి, సినిమాలు, క్రికెట్ బాగా చూసే ఇల్లయితే దసరా-దీపావళి సేల్ దాకా ఆగి కొనండి, అప్పటిదాకా స్టిక్‌తో లాగించేయొచ్చు, రేపు కొత్త టీవీలో యాప్స్ మొరాయించినా అదే స్టిక్ పనికొస్తుంది.