గుమ్మాలకి రంగు వేయిస్తున్నారా? కొలత తేలకుండా రేటు ఒప్పుకోకండి

పాలకొల్లు దగ్గర పల్లెటూళ్లో మా అమ్మావాళ్ల ఇల్లు. మాఘమాసంలో తమ్ముడి పెళ్లని తలుపులకీ గుమ్మాలకీ ఎనామిల్ వేయించాం. పని చేసినాయన పేరు రాయను గానీ బిల్లు వేసిన తీరు మాత్రం పూసగుచ్చినట్టు చెప్తాను. శ్రావణం వచ్చింది, మళ్లీ పెళ్లిళ్లు, గృహప్రవేశాలు. మాకు జరిగినట్టు ఇంకొకరికి జరగకూడదు.

ప్రైమర్, లప్పం, రెండు కోట్లు, సామాను వాళ్లదే. చదరపు అడుగు 38 అంటే అమ్మ బేరమాడి 34కి దింపింది. కొలత ఎలా తీస్తారని మాత్రం మా ఇంట్లో ఒక్కరం కూడా అడగలేదు.

తలుపులు తొమ్మిది. గుమ్మంతో కలిపి ఒక్కోటి 7 అడుగుల ఎత్తు, మూడున్నర వెడల్పు, అంటే 24.5 చదరపు అడుగులు. దాన్ని 1.30తో హెచ్చవేసి, రెండువైపులకీ 63.7 అని రాశాడు. దాని కిందే ఇంకో పద్దు: ‘ఫ్రేము చుట్టుకొలత 28’. వెరసి తలుపుకి 91.7.

ఆ 1.30 చూసి మోసమంతా అక్కడే ఉందనుకున్నాను. హైదరాబాద్‌లో సైట్ ఇంజినీరుగా చేసే మా పెదనాన్నగారబ్బాయికి బిల్లు ఫొటో పంపితే వెంటనే ఫోన్ చేశాడు. “1.30 న్యాయమేనమ్మా. పలకల తలుపుకి లోతులూ అంచులూ ఉంటాయి, అవన్నీ విడివిడిగా కొలవలేక అలా వేస్తారు. కట్టడం పనులు ఎలా కొలవాలో చెప్పే భారత ప్రమాణం ఐఎస్ 1200, దాని పదిహేనో భాగంలో ఉన్నదే. కాకపోతే ఆ కొలత గుమ్మంతో కలిపి తీసేది. మళ్లీ గుమ్మానికి వేరే పద్దేంటి? ముందు ఆ 28 ఎక్కడినించి వచ్చిందో చూడు,” అన్నాడు.

టేపు తీసుకుని కొలిచాను. మా గుమ్మాల చెక్క 5 అంగుళాలు, 3 అంగుళాలు. నాలుగు ముఖాలూ కలిపితే 16 అంగుళాలు. పొడవు రెండు నిలువులు, పైన ఒకటి, కింద ఒకటి, మొత్తం 21 అడుగులు. హెచ్చవేస్తే సరిగ్గా 28. అంటే గోడలో పూడిపోయిన ముఖానికి కూడా రంగు వేసినట్టు రాశాడు! పాతికేళ్ల క్రితం నిలబెట్టిన గుమ్మాలండీ అవి. వాటి వెనక ముఖం మేమే ఎప్పుడూ చూడలేదు.

కింద ఒకటి అన్నాను చూడండి, అది గడప. మా ఇంట్లో వీధి గుమ్మానికీ, దేవుడి గదికీ, పెరటి గుమ్మానికీ తప్ప గడపలే లేవు, మిగతా ఆరింటికీ కింద టైల్సే. ఉన్న మూడింటి మీదా రంగు పడకూడదని అమ్మ మొదటిరోజే చెప్పింది. ప్రతి శుక్రవారం పసుపు రాసి కుంకుమ బొట్లు పెట్టే గడపలవి. పని కుర్రాడు పాపం పాత పేపర్లు పరిచి, చుక్క పడకుండా వేశాడు. బిల్లులో మాత్రం తొమ్మిది గడపలు! వీధి గుమ్మం ముందు టేపు పట్టుకుని నిలబడితే నాకు కోపం కంటే బాధే ఎక్కువేసింది.

తొమ్మిది తలుపులకి 252 చదరపు అడుగులు ఎక్కువ. డబ్బుల్లో 8,568 రూపాయలు.

అడిగితే “మా దగ్గర పద్ధతి అంతేనండి, అందరూ ఇస్తున్నారు” అన్నాడు. “ఆయ్, అలాగే. గోడలోపల బ్రష్ ఎలా పెట్టారో చూపించండి, ఇచ్చేస్తాం,” అంది అమ్మ. అడ్వాన్సు 15,000 పోను ఆఖరి విడత మా చేతిలో ఉంది కాబట్టి రెండు రోజులకి వచ్చి ఆ పద్దు కొట్టేశాడు. అదీ ఇచ్చేసి ఉంటే ఫోన్ ఎత్తేవాడు కాదని నా నమ్మకం.

తలుపులు ముట్టుకోకుండా ఒట్టి గుమ్మాలకే వేయిస్తే చుట్టుకొలత లెక్కే సరైంది. అయితే కనిపించే ముఖాలకే. మా గుమ్మానికి మూడు ముఖాలు 11 అంగుళాలు, గడప తీసేస్తే 17.5 అడుగులు, అంటే దాదాపు 16 చదరపు అడుగులు. 28 ఎలా చూసినా రాదు. తలుపులకి వేయిస్తే, ఫ్లష్ డోరుకి (పలకలు లేని నున్నటి తలుపు) 1.30 బదులు 1.20, మొత్తం అద్దాల తలుపుకైతే 0.80, అదీ ఒక్కో వైపుకి. ఇనప గ్రిల్లుకి రెండువైపులా కలిపి ఒకే కొలత. కొత్త ఇల్లు కట్టేవాళ్లు మాత్రం గుమ్మం నిలబెట్టకముందే గోడకి ఆనే వైపు ప్రైమరో తారో పూయించండి. మన నేలల్లో చెమ్మ ఊరికే ఎక్కుతుంది. ఆ డబ్బు ఇవ్వాల్సిందే.

ఇంకొకటి ఆలస్యంగా తెలిసింది. వానలు మొదలవగానే పెరటి తలుపు ఉబ్బి పట్టేసింది. పక్కనే పంట కాలువ. స్టూలెక్కి పైఅంచు మీద వేలు పెడితే గరుగ్గా పచ్చి చెక్క తగిలింది. కింది అంచు తెలియడానికి ఫోన్ కెమెరా ఆన్ చేసి సందులో పెట్టాను, అక్కడా అంతే, ప్రైమర్ కూడా లేదు. అంచులు ఆ 1.30లోనే ఉన్నాయి, వాటికి డబ్బులు తీసుకున్నాడు. ఆఖరి విడత ఇచ్చేముందు మీరు ఈ రెండు అంచులూ చూసుకోండి.

పని మొదలుకాకముందే కాగితం మీద ఇలా రాయించి సంతకం పెట్టించుకోండి: “తలుపు గుమ్మంతో కలిపి ఒకేసారి కొలవాలి. గుమ్మానికి వేరే పద్దు లేదు. పైఅంచు, కింది అంచు ఇందులోనే.” తలుపుకి ఇంతని గుత్తకి మాట్లాడుకున్నా సరే, ఆఖరి వాక్యం ఉండాలి.

మా పెరటి తలుపు వానలు వెనకబట్టి చెక్క ఆరాక గానీ దించడానికి లేదు. అప్పటిదాకా అమ్మ భుజంతో తోసి తీస్తోంది.