జాగ్రత్త: తిరుపతిలో ఏఏ మీటింగ్ అని పోతే 3,500 పోయింది

ఇంటికొచ్చి మూడు గంటలైంది, చేతులు ఇంకా వణుకుతున్నాయి. మందు పడక కాదు, కోపంతో.

పన్నెండేళ్ళ తాగుడు నాది. పదకొండు రోజుల కిందట ఇక్కడి రుయా పెద్దాసుపత్రిలో చూపించుకుని, వాళ్ళిచ్చిన మాత్రలతో ఆపేశాను. "మాత్రలు కొన్నాళ్ళే, ఏఏ మీటింగులకు కూడా పో" అన్నారు డాక్టరమ్మ. ఏఏ అంటే ఆల్కహాలిక్స్ అనానిమస్, తాగుడు మానాలనుకునేవాళ్ళు కలిసి కూర్చుని ఒకరికొకరు తోడుండే సంఘం. ఫోన్‌లో "ఏఏ మీటింగ్ తిరుపతి" అని కొట్టి, అన్నిటికంటే పైన వచ్చిన నంబరుకు చేశాను. దాని పక్కన చిన్న అక్షరాల్లో ప్రకటన అని ఉంది. పన్నెండేళ్ళు సీసా లేబుళ్ళు చదివిన నాకు ఆ ఒక్క మాటా కనపడలేదు.

పేరు రాయను. ఊళ్ళో సగం ఆటోల వెనక వాళ్ళ స్టిక్కరే, మీకు తెలిసే ఉంటుంది.

ఫోనెత్తిన అమ్మాయి ఎంత మర్యాదో! "మీటింగ్ ఉంది సార్, ఆదివారం సాయంత్రం ఆరింటికి. రిజిస్ట్రేషన్ ఐదు వందలు, ఫోన్‌పే చేసేయండి." చేసేశాను. మా ఆవిడ కూడా వస్తానంది. గుడికి బయల్దేరినట్టు మంచి చీర కట్టుకుంది పాపం.

మేడ మీదికి పోతే మీటింగూ లేదు, గీటింగూ లేదు. ఒక టేబుల్, వెనక కౌన్సెలర్ అనే ఆయన, బెంచీ మీద మాలాంటి వాళ్ళు నలుగురు. మీటింగ్ లోపల చేరినవాళ్ళకేనట. చేరాలంటే మూడు నెలల ప్యాకేజీ, 45,000. అంత లేదన్నాను. అయితే పొడి ఉందన్నాడు. సాంబార్లో కలిపి పెట్టాలట, తాగేవాడికి తెలియకూడదట. ఇదంతా మా ఆవిడకు చెప్తున్నాడు, నేను పక్క కుర్చీలో కూర్చుని వింటుండగా! పొడి 5,000, ముందు 3,000 ఇస్తే పొట్లం మంగళవారం వస్తుందన్నాడు. ఇచ్చాను. ఎందుకిచ్చానో నన్నడగకండి. అందరి ముందూ లేదనడానికి సిగ్గేసింది, అంతే.

మెట్లు దిగుతుంటే మా ఆవిడే అడిగింది, "అందులో ఏముందో అడిగినావా?" అని. వెనక్కి పోయి అడిగాను. ఆయుర్వేదం అన్నాడు. పేరేమిటన్నాను. చెప్పలేదు. అయితే డబ్బు వెనక్కి ఇవ్వండి, రసీదైనా ఇవ్వండి అన్నాను.

అప్పుడు ఆ పెద్దమనిషి కుర్చీలో వెనక్కి వాలి, బెంచీ మీద వాళ్ళకు కూడా వినపడేలా అన్నాడు: "తాగేటప్పుడు ఎప్పుడైనా బిల్లు అడిగినావా సామీ? మానడానికే వచ్చిందా లెక్క?"

బెంచీ మీద ఎవరో నవ్వారు. మా ఆవిడ తల దించుకుని చెప్పులు చూసుకుంటూ నిలబడింది. నన్ను తాగుబోతు అనడం నాకు కొత్త కాదు, మా అత్తగారింట్లో అది నా ముద్దుపేరు. కానీ మానాలని కాళ్ళీడ్చుకుంటూ పోయిన చోట, ఆ మాట ఆమె ముందు పడ్డానే, అది దిగడం లేదు. జవాబు నాకు బండి స్టార్ట్ చేశాక గుర్తొచ్చింది. అడిగాను సార్. ఎంఆర్‌పీ మీద పది రూపాయలు ఎక్కువ తీసుకుంటే వైన్ షాపు వాడితో గొడవపడ్డాను. బెల్టు షాపు వాడు కూడా డబ్బు తీసుకుంటే సీసా చేతిలో పెట్టేవాడు.

దారిలో రెండు వైన్ షాపులొచ్చాయి. రెండో దాని దగ్గర బండి దానంతటదే స్లో అయింది. మా ఆవిడ ఏమీ అనలేదు, భుజం మీద చెయ్యి మాత్రం గట్టిగా పట్టుకుంది.

ఇంటికొచ్చాక చదివాను, ముందే చదివుంటే ఏం పోయేది! ఏఏకి ఫీజు అంటూ లేనే లేదు. మానాలన్న కోరిక ఒక్కటుంటే సభ్యుడే. ఖర్చులకు డబ్బా తిప్పుతారు, వేస్తే వేయొచ్చు, లేకపోతే లేదు. ఇది పుట్టిందే 1935లో, అమెరికాలోని అక్రాన్‌లో. బిల్ విల్సన్ అనే ఆయన బేరం చెడిపోయి హోటల్లో ఒంటరిగా ఉండి, పక్కనే బారు పిలుస్తుంటే, మాట్లాడ్డానికి ఇంకో తాగుబోతును వెతికిపెట్టమని ఎవరెవరికో ఫోన్లు చేశాడట. అలా దొరికినాయన డాక్టర్ బాబ్. ఇద్దరిలో ఎవరూ ఎవరి దగ్గరా రిజిస్ట్రేషన్ తీసుకోలేదు.

సరే, మీకు పనికొచ్చేది కూడా రాస్తాను. మీటింగుకు డబ్బడిగితే అది ఏఏ కాదు. ఆ పొడి జోలికి పోవద్దు. మందు తాగితే ఒంటికి పడకుండా చేసే డైసల్ఫిరామ్ లాంటి మాత్ర అందులో కలిపితే, తెలియక పైన మందు తాగినవాడికి బీపీ పడిపోయి ప్రాణం మీదికొస్తుంది. రోజూ బాగా తాగేవాళ్ళు సొంతంగా ఒక్కసారిగా ఆపొద్దు, ఫిట్స్ రావొచ్చు, ముందు పెద్దాసుపత్రిలో చూపించుకోండి. ప్రభుత్వ హెల్ప్‌లైన్ 14446, డబ్బు పడదు. తాగేవాళ్ళ ఇంట్లోవాళ్ళకు అల్-అనాన్ అని వేరే సంఘం ఉంది. నంబర్లు ఏఏ ఇండియా సొంత సైటులోనే చూడండి, పైన వచ్చే ప్రకటనలో కాదు.

నేనూ అక్కడ చూసే చేశాను, తొమ్మిదింబావుకు. ఒకాయన ఎత్తాడు. పేరు కూడా అడగలేదు.

"ఈరోజు తాగినావా?"

"ఇంకా లేదు."

"వైన్ షాపు పదింటికి మూస్తారు కదా. అందాకా నాతో మాట్లాడతా ఉండు."

ఆయన తాగిన రోజుల కథలు, నా 3,500 కథ, వాళ్ళ ఊళ్ళో శనక్కాయల రేటు. పది దాటింది. ఇక ఇది రాయడానికి కూర్చున్నాను.