ఎండాకాలం పెళ్లిళ్లకు గద్వాల నూలు చీర: ఏళ్ల తరబడి కట్టాక

మాది కర్నూలు. మా వైపు సగం పెళ్లిళ్లు వైశాఖంలోనే పెట్టుకుంటారు. పిల్లలకు సెలవులు ఉంటాయి, ఆషాఢం వస్తే మళ్లీ ముహూర్తాలు ఉండవు. బయట 42 డిగ్రీలు, మండపం దగ్గర హోమం పొగ, వీడియోవాళ్ల లైట్లు. హాలుకు ఏసీ ఉన్నా పీటల దగ్గర నిలబడేవాళ్లకు అది అందదు. అక్కడ కంచిపట్టుతో అవస్థ పడలేక గద్వాల చీర తీసుకున్నాను. చీర ఒళ్లంతా నూలు, అంచులూ కొంగూ పట్టు, జరీ. అప్పటినుంచి ఏ వేసవి పెళ్లికైనా ఎక్కువగా అదే కడుతున్నాను.

ఈ చీర కిటుకంతా నేతలోనే ఉంది. అంచులకు వేరే నాడెలు (అడ్డపోగు నడిపేవి), చీర ఒంటికి వేరే నాడె వాడతారు. కొంగు దగ్గర నూలు పోగులకు పట్టు పోగులు కలుపుతారు. ఆ అతుకునే కుట్టు అంటారు. అందువల్ల ఒంటికి తగిలేది చాలావరకు నూలే. నడుం దగ్గర కుచ్చిళ్లు దోపుకున్నచోట పట్టుచీరైతే చెమటకు తడిసి అంటుకుపోతుంది. ఇది చెమట పీల్చుకుని కాసేపటికి ఆరిపోతుంది. భోజనాల బంతిలో కూర్చున్నప్పుడు ఆ తేడా బాగా తెలుస్తుంది.

పెళ్లికి తగ్గ నిండుతనం ఉంటుందా అంటే, ఉంటుంది. ఫొటోల్లో కనబడేవి అంచూ కొంగే కదా. మా పెద్దత్త మాత్రం "ముహూర్తానికి నూలు చీరేంటమ్మా" అని ముఖం చిట్లించారు. తిరుమల బ్రహ్మోత్సవాలకు శ్రీవారికి వెళ్లే ఏరువాడ జోడు పంచెలు గద్వాల మగ్గాల మీద నేసినవే అని చెబితే ఇంకేమీ అనలేదు. తర్వాత కొంగు పట్టుకుని చూసి, ఎక్కడ కొన్నావని అడిగారు.

ఇక ఇబ్బందులు. పట్టు కొంగు బరువు, నూలు ఒళ్లు తేలిక. కాసేపయ్యాక కొంగు భుజం మీద నుంచి వెనక్కి లాగేస్తుంది, పిన్ను తప్పదు. కుట్టు మీద మాత్రం పిన్ను గుచ్చకండి, పోగులు విడిపోతాయి. జాకెట్టు వైపు చిన్న గుడ్డముక్క పెట్టి గుచ్చితే చీర చిరగదు. రెండోది ఉతుకు. నీళ్లు తగిలితే నూలూ పట్టూ ఒకేలా ముడుచుకోవు. ఉతికిన కొద్దీ నా చీరకు అంచు పొడవునా సన్నని ముడతలు వచ్చాయి. ఇస్త్రీతో కొంతవరకే పోయాయి. కాబట్టి డ్రైక్లీనింగ్‌కే ఇవ్వండి. గంజి పెట్టించాలంటే చీర ఒంటికే, అదీ పలచగా. చిక్కటి గంజి పెడితే కుచ్చిళ్లు ఉబ్బి, కూర్చోగానే నలుగుతాయి. బీరువాలో తెల్లటి నూలు గుడ్డలో చుట్టి ఉంచుతున్నాను. అప్పుడప్పుడు మడతలు మార్చకపోతే జరీ ఆ గీత వెంబడే తెగుతుంది. కలరా ఉండలు జరీకి తగలకూడదు, నల్లబడుతుంది.

అసలు ఉక్కపోత తెచ్చేది చాలాసార్లు చీర కాదు, జాకెట్టు. ఎంత చల్లటి చీర కట్టినా, దానిమీదికి పాలిస్టర్ లైనింగ్ వేసిన మగ్గం వర్క్ జాకెట్టు తొడిగితే ఖర్చంతా వృథా. దర్జీకి ముందే లైనింగ్ మల్లు గుడ్డతో వేయమని చెప్పాలి. చెప్పకపోతే చేతికి దొరికింది వేసేస్తారు. నేను చీర ఒంటి రంగులోనే ఉన్న నూలు జాకెట్టుకు చేతుల దగ్గర మాత్రం పట్టంచు వేయించుకున్నాను. చంకల కింద లోపల తీసి ఉతుక్కునే మెత్తలు పెట్టించాను. లోపలి లంగా కూడా నూలుదే కావాలి. ఈమధ్య అందరూ షేప్‌వేర్ అంటున్నారు గానీ, మే నెల మధ్యాహ్నం నాలుగు గంటలు అది వేసుకుని ఉండటం శిక్షే.

పెళ్లికూతురి తల్లిగా కన్యాదానానికి పీటల మీద కూర్చునేవాళ్లకు ఇది సరిపోతుందని చెప్పను. అక్కడ పెద్దలు పట్టే కావాలంటారు, వాళ్లతో వాదన పెట్టుకోవడం దండగ. మాఘమాసం రాత్రి ముహూర్తాలకు కూడా పట్టే హాయి. మేనత్తలు, పిన్నులు, తోటికోడళ్లు, అటూ ఇటూ పరిగెత్తి పనులు చూసుకునేవాళ్లకైతే ఇదే మంచిది.

కొనేటప్పుడు చీర తిరగేసి చూడండి. అంచూ ఒళ్లూ కలిసేచోటు, కొంగు అతుకు వెనకవైపు నుంచి స్పష్టంగా తెలుస్తాయి. పవర్‌లూమ్ నకలు చాలా తిరుగుతోంది. సీకో అని చూపిస్తే అది పట్టూ నూలూ కలిసిన ఒళ్లు. చూడటానికి మెరుపు ఎక్కువ, ఎండలో హాయి మాత్రం తక్కువే. ఈసారి తీసుకుంటే నేను బెత్తెడు అంచుది వద్దని, సన్నంచుదే తీసుకుంటాను. కింద అంచు బరువు తగ్గితే మెట్లెక్కేటప్పుడు కాలికి అడ్డం పడదు.