సౌత్ ఫోర్క్: తూము లేని కట్టను చూసొచ్చే దారి

పిట్స్‌బర్గ్ వెంకన్న దర్శనానికి న్యూజెర్సీ నుంచో ఒహైయో నుంచో వచ్చిన మనవాళ్ళకు మర్నాడు ఎక్కడికెళ్ళాలన్నది ఎప్పుడూ తేలని లెక్కే. పెన్ హిల్స్ గుడి నుంచి తూర్పుగా గంటన్నర ప్రయాణంలో జాన్స్‌టౌన్ ఉంది. ఆ ఊరికి 14 మైళ్ళ ఎగువన, సౌత్ ఫోర్క్ దగ్గరి కొండల్లో ఒక ప్రైవేటు క్లబ్బుకు చెరువు ఉండేది. సభ్యుల పడవ షికార్లకు, చేపల వేటకు ఉంచుకున్న చెరువు. దాని కట్ట 1889 మే 31న తెగి 2,209 మంది పోయారు. ఆ కట్ట రెండు కొసలూ ఇప్పటికీ నిలబడి ఉన్నాయి. చెరువున్న ఊళ్ళో పెరిగినవాళ్ళకు వాటి మధ్య ఏం జరిగిందో అర్థం కావడానికి ఎక్కువసేపు పట్టదు.

యూఎస్ 22 మీద ఎబెన్స్‌బర్గ్ దాకా వెళ్ళి, యూఎస్ 219 మీద దక్షిణానికి తిరిగి సెయింట్ మైకేల్ ఎగ్జిట్ దగ్గర దిగాలి. అక్కడి నుంచి పీఏ 869 మీద తూర్పుకు మైలున్నర, ఆపైన ఎడమకు లేక్ రోడ్డు. ఫోన్లో ఉత్తినే 'జాన్స్‌టౌన్ ఫ్లడ్' అని కొడితే ఊళ్ళో ఉన్న మ్యూజియంకు పట్టుకెళుతుంది. 'నేషనల్ మెమోరియల్' అన్న మాట కలిపి కొట్టండి. ఇది నేషనల్ పార్క్ సర్వీసుది, టికెట్టు లేదు. వేళలు సీజన్‌ను బట్టి మారతాయి కాబట్టి బయల్దేరేముందు ఒకసారి చూసుకోవాలి. గుడి క్యాంటీన్‌లో పులిహోర, పెరుగన్నం కట్టించుకుని వెళితే మధ్యాహ్నం వెతుకులాట ఉండదు.

మన దగ్గర ఏ చెరువుకైనా మూడు చూస్తారు: కట్ట, తూము (అడుగునుంచి నీళ్ళు వదిలే దారి), అలుగు (ఎక్కువైన నీళ్ళు పొర్లిపోయే దారి). అలుగును తెలంగాణలో మత్తడి అంటారు, సీమలో మరవ అంటారు, పని మాత్రం ఒకటే. ఇక్కడ మూడింటినీ చెడగొట్టారు. కట్టను మొదట పెన్సిల్వేనియా ప్రభుత్వమే కాలువ పడవలకు నీళ్ళ కోసం కట్టించింది, 1853లో పూర్తయింది. 72 అడుగుల ఎత్తు, 931 అడుగుల పొడవు. అడుగున రాతి తూములో రెండేసి అడుగుల వ్యాసమున్న పోత ఇనుప గొట్టాలు ఐదు ఉండేవి. రైళ్ళొచ్చాక కాలువతో పనిలేకుండా పోయి కట్ట చేతులు మారింది. 1862లో తూము దగ్గర గండి పడింది. 1875లో కొన్న ఆసామి గొట్టాలు పీకించి తుక్కు కింద అమ్ముకున్నాడు. 1879లో బెంజమిన్ రఫ్ చేతికొచ్చింది. సౌత్ ఫోర్క్ ఫిషింగ్ అండ్ హంటింగ్ క్లబ్బు పెట్టింది ఆయనే. పిట్స్‌బర్గ్ ఉక్కు, బ్యాంకుల కుబేరులు కార్నెగీ, ఫ్రిక్, మెలన్ అందులో సభ్యులు.

గండిని మట్టి, కంప, ఎండుగడ్డి, గుర్రపు పేడ పోసి పూడ్చారు. గొట్టాలు తిరిగి పెట్టలేదు. తూము లేదంటే నీళ్ళు దించి కట్ట బాగుచేసుకునే దారే లేదన్నమాట. కట్ట మీద రెండు గుర్రపు బండ్లు ఎదురెదురుగా పోవాలని పైభాగాన్ని దాదాపు మూడడుగులు దించి వెడల్పు చేశారు. మూడడుగులే కదా అనిపిస్తుంది. కట్ట దిగితే, నీళ్ళు కట్ట మీదికి పొర్లేలోపు అలుగు మీద పారగల లోతూ అంత తగ్గుతుంది. కానీ అలుగు మీద నీటి లోతు మూడో వంతు తగ్గితే పారే నీళ్ళు మూడో వంతు కాదు, ఇంచుమించు సగం తగ్గుతాయి. పైగా కట్ట నడుమ కుంగి ఉంది. మట్టికట్టకు నడుమ కాస్త ఎత్తుండాలి. కుంగితే వరద మొదట పొర్లేది లోయ అడుగు నుంచి కట్ట ఎత్తు ఎక్కువున్న ఆ చోటే. ఇవి చాలనట్టు, తెచ్చి వదిలిన చేపలు పారిపోకుండా అలుగుకు ఇనుప జల్లెడ బిగించారు. 1880లో జాన్స్‌టౌన్‌లోని కేంబ్రియా ఐరన్ కంపెనీ పంపిన ఇంజనీరు జాన్ ఫుల్టన్ తూము లేదనీ పూడిక సరిగా లేదనీ రాసిస్తే, మా వల్ల మీకు ఏ ప్రమాదమూ లేదని రఫ్ బదులిచ్చాడు.

సందర్శక కేంద్రంలో సినిమా అరగంట పైచిలుకు ఉంటుంది. శవాలు, చీకటి, అరుపులు ఉంటాయి కాబట్టి చిన్నపిల్లల్ని కూర్చోబెట్టకండి. బయటికొచ్చి ముందు అలుగు చూడండి, ఆ తర్వాతే గండి. చాలామంది తిన్నగా గండి దగ్గరికెళ్ళి ఫొటో దిగి వచ్చేస్తారు. అలుగును చూస్తే ఇంత చెరువుకు ఇంతేనా అనిపిస్తుంది. ఆ రోజు కొట్టుకొచ్చిన కొమ్మలూ చెత్తా జల్లెడకు, అలుగు మీది వంతెన కాళ్ళకు పట్టేశాయి. కూలీలు ఒకపక్క జల్లెడ పీకాలని చూశారు, ఇంకోపక్క రెండో చివర కొత్త అలుగు తవ్వబోయారు, నాగలితో కట్ట మీద మట్టి ఎగదోశారు. ఏదీ ఫలించలేదు. కొస మీద నిలబడి కిందికి చూస్తే గండి గుండా వాగు, దాని పక్కనే రైలు పట్టాలు కనిపిస్తాయి. యూఎస్ 219 పోయేది చెరువు గర్భం మీదుగానే. అంటే మీరు కారులో వచ్చింది నీటి అడుగు మీద. కిందికి దిగే బాట వాన పడితే జారుతుంది, చెప్పులతో దిగకండి. మే 31 రాత్రి ఇక్కడ 2,209 దీపాలు పెడతారు. తేదీ కుదిరితే అదే రోజు పెట్టుకోండి, కానీ పార్కింగ్ కోసం తొందరగా చేరాలి.

సెయింట్ మైకేల్‌లో క్లబ్బు భవనం, కొన్ని కాటేజీలు మిగిలున్నాయి. బయటి నుంచి పది నిమిషాలు చాలు. లోపలికి ఎప్పుడుబడితే అప్పుడు వదలరు, కేంద్రంలోనే అడిగి వెళ్ళండి.

ఊళ్ళోని ఫ్లడ్ మ్యూజియంకు టికెట్టుంది, పెట్టొచ్చు. వరద తర్వాత కార్నెగీ డబ్బుతో కట్టిన గ్రంథాలయ భవనం అది. నీళ్ళు ఏ మలుపులో ఎంతసేపు ఆగాయో దీపాలతో చూపించే నేల నమూనా ఒక్కటే టికెట్టు ఖరీదు చేస్తుంది. అలల్లా వచ్చిన నీరు ఊరికి చేరింది సాయంత్రం 4:07కి. మ్యూజియం నుంచి స్టోన్ బ్రిడ్జి దగ్గరే. కొట్టుకొచ్చిన ఇళ్ళూ బోగీలూ మనుషులూ ఆ వంతెనకు అడ్డుపడి కుప్పయ్యాయి, ఆ కుప్పకు నిప్పంటుకుంది. దాని మీద ఇప్పటికీ రైళ్ళు తిరుగుతున్నాయి. కొండమీది గ్రాండ్‌వ్యూ శ్మశానంలో ఎవరో తెలియని 777 మందికి పేరు లేని తెల్లరాళ్ళు వరసగా ఉంటాయి. అక్కడ చూడ్డానికి ఇంకేం లేదు, అయినా వెళ్ళండి. కొండవాలు మీద కేబుల్‌తో పైకి లాగే బండి, ఇంక్లైన్డ్ ప్లేన్, 1891లో వచ్చింది. 1936, 1977 వరదల్లో జనాన్ని పైకి చేరవేసింది. 2021లో మరమ్మతులకు మూశారు, తెరిచారో లేదో కనుక్కోకుండా దాన్నే నమ్ముకుని వెళ్ళకండి.

సైకిళ్ళుంటే ఎహ్రెన్‌ఫెల్డ్ నుంచి జాన్స్‌టౌన్ దాకా పాత్ ఆఫ్ ది ఫ్లడ్ ట్రైల్ పట్టుకోండి, ఎక్కువ భాగం దిగుడే. దారిలో 1833 నాటి స్టేపుల్ బెండ్ సొరంగం వస్తుంది, 901 అడుగులు. లోపల దీపాల్లేవు, టార్చి ఉండాలి.

బసకు యూఎస్ 219 పక్కన రిచ్‌లాండ్‌లో చెయిన్ హోటళ్ళున్నాయి. శుభ్రంగా ఉంటాయి, అంతకుమించి చెప్పేదేం లేదు. పిల్లలతో నీళ్ళ పక్కన ఉండాలంటే ప్రిన్స్ గాలిట్జిన్ స్టేట్ పార్కు మేలు. క్యాబిన్లలో వంటగది, బాత్రూం ఉంటాయి కానీ దుప్పట్లు, గిన్నెలు మనమే మోసుకెళ్ళాలి. 11 నెలల ముందు నుంచే బుకింగ్ తెరుస్తారు, వేసవిలోవి ముందే అయిపోతాయి. బీచ్‌లో లైఫ్‌గార్డు ఉండడు. దగ్గర్లో కావాలంటే జాన్స్‌టౌన్‌కు దక్షిణంగా క్వెమహోనింగ్ జలాశయం ఉంది. ఒకప్పుడు ఉక్కు కంపెనీ సొంతానికి కట్టుకున్న డ్యాం అది. 2000 నుంచి ప్రజా సంస్థ చేతిలో ఉంది, టెంట్లు, పడవలు అక్కడా ఉన్నాయి. పెన్సిల్వేనియాలో ఎక్కడ పడవెక్కినా 12 ఏళ్ళ లోపు పిల్లలకు, 12 ఏళ్ళవాళ్ళకు కూడా, 20 అడుగుల లోపు పడవల్లో లైఫ్‌జాకెట్ ఒంటి మీద ఉండాల్సిందే. నవంబరు 1 నుంచి ఏప్రిల్ 30 దాకా కయాక్‌లోనూ, 16 అడుగుల లోపు పడవల్లోనూ పెద్దలకూ అంతే.

పోకోనోస్ కొండల్లో మనవాళ్ళు అద్దెకు తీసుకునే లేక్ హౌసుల్లో చాలావాటి ముందుండే చెరువు ఇంటి ఓనర్ల సంఘానిదో, ప్రైవేటు ఆసామిదో అయ్యుంటుంది. సామాను దించేముందు ఒకసారి కట్ట మీదికి నడవండి. అలుగుకు అడ్డంగా దుంగలు, చేపల జాలీ, పడవలు కట్టిన తాడు ఉన్నాయేమో చూడండి. కట్ట మీద పెద్ద చెట్లుంటే వాటి వేళ్ళు కుళ్ళినచోట బుంగ పడుతుంది. దిగువ పాదం దగ్గర మిగతా గడ్డి ఎండి ఒక్కచోటే పచ్చగా, బురదగా ఉంటే ఊట ఉన్నట్టు. తూము వాల్వు ఎక్కడుందో ఓనరును అడగండి, తెలియదంటే దాన్ని తిప్పి ఏళ్ళయి ఉంటుంది. కట్ట కింద ఇళ్ళుండి ప్రాణనష్టం జరగగల డ్యాం అయితే ఈ రాష్ట్రంలో అత్యవసర ప్రణాళిక ఉండితీరాలి. మీరు దిగే ఇల్లు అందులో ఉందో లేదో కూడా అడగొచ్చు.

నదికి అడ్డంగా నాలుగైదడుగులే ఉండే పొట్టి ఆనకట్టల దగ్గరికి మాత్రం పడవతో పోవద్దు. పైనుంచి చూస్తే సన్నటి గీతలాగే ఉంటుంది. కింద పడ్డ నీరు మళ్ళీ గోడ వైపే సుడి తిరుగుతుంది, లైఫ్‌జాకెట్ ఉన్నవాణ్ణీ వదలదు. రక్షించబోయినవాళ్ళూ అందులోనే పోతారు. ఒడ్డు నుంచి తాడు విసరాలి తప్ప దూకకూడదు. హెచ్చరిక బోర్డులు, బోయలు కనిపించగానే ఒడ్డుకు తిప్పేయండి.

ఇక లేక్ హౌసు కట్ట సంగతి: దిగువ పాదం దగ్గర ఊట నీరు తేటగా ఉంటే ఓనరుకు చెప్పి, పోటు పెరుగుతోందా అని కనిపెట్టుకుని ఉండాలి. మట్టి రంగు తేలిందంటే కట్ట లోపలినుంచి కొట్టుకుపోతోందని అర్థం. ముందు 911, తర్వాత ఓనరు. కారు కోసం లోయ రోడ్డు పట్టకుండా, ఉన్నచోటి నుంచే అడ్డంగా గుట్ట ఎక్కండి.